కుప్ప చల్లారాకే బ్యాక్టీరియా: మెస్ చెత్త ఎరువులో పోషకాలు మొక్కకు అందాలంటే

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదండీ. తిరుపతిలో హాస్టల్ మెస్, రోజుకు 40 కేజీల దాకా తడి చెత్త, నెలన్నరకు నల్లటి ఎరువు చేతికొస్తోంది. కుప్ప వేసిన రెండో రోజే పీఎస్‌బీ (భాస్వరం కరిగించే బ్యాక్టీరియా), అజటోబాక్టర్ (గాలిలోని నత్రజని పట్టేది), పొటాష్ బ్యాక్టీరియా మూడు సీసాలూ కుమ్మరించారు. తీరా ఆ ఎరువు వేసిన మిరప, వంగ మొక్కలు పసుపు తిరిగి పెరగకుండా నిలబడిపోయాయి. సీసాలు నకిలీవా, మోతాదు చాలలేదా అన్నది మీ అనుమానం.

సీసాలు మంచివే అయి ఉండొచ్చు. తప్పు పోసిన రోజుది. కుప్ప సరిగ్గా కుదిరితే రెండు మూడు రోజుల్లోనే లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది. అజటోబాక్టర్, కొన్ని పీఎస్‌బీ సీసాల్లో ఉండే సూడోమోనాస్, పొటాష్ సీసాలో ఉండే ఫ్రాట్యూరియా 30 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా బతికేవి. 45 దాటితే చావడం మొదలు, 55లో రెండు రోజులుంటే లెక్కకు మిగలవు. మరికొన్ని పీఎస్‌బీ సీసాల్లో ఉండే బాసిల్లస్ మెగాటీరియం (2020 నుంచి శాస్త్రవేత్తలు ప్రీస్టియా మెగాటీరియం అంటున్నారు, సీసాల మీద మాత్రం పాత పేరే ఉంటుంది) స్పోర్లుగా ముడుచుకుని కొంత తట్టుకుంటుంది, కానీ ఆ నిద్రలో అదీ భాస్వరం కరిగించదు. పోనీ కుప్ప వేడెక్కలేదనుకుందాం. అప్పుడు లోపల అన్నం, పండ్ల చక్కెరలు పులిసి లాక్టిక్ ఆమ్లం చేరుతుంది, పీహెచ్ (7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు) 4.5–5కు దిగుతుంది. అజటోబాక్టర్‌కు అదీ పడదు. ఎటు చూసినా రెండో రోజు పోసిన సీసా కాలవలో పోసినట్టే.

అందుకే ఈ పనిని రెండు భాగాలుగా చూడాలి. మొదటి నెల కుళ్లబెట్టడం. దానికి కావలసిన సూక్ష్మజీవులు చెత్తలోనే, ఎండాకుల్లోనే ఉంటాయి, కొనక్కర్లేదు. రెండో భాగం మాగబెట్టడం. కొన్న బ్యాక్టీరియాకు చోటు అక్కడుంది.

ముందు ఏ బ్యాక్టీరియా దేనికి పనికొస్తుందో తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది. నా లెక్కలో మీ ఎరువుకు తప్పనిసరి పీఎస్‌బీ ఒక్కటే. అజటోబాక్టర్ వేస్తే మంచిదే, వేయకపోతే కొంప మునగదు. పొటాష్ సీసా అనవసరం.

పొటాష్ ఎందుకు వద్దంటే, అరటి తొక్క, కూరగాయ తరుగు, ఎంగిలాకుల్లోని పొటాష్ చాలావరకు నీళ్లలో కరిగే రూపంలోనే ఉంటుంది. ఫ్రాట్యూరియా పని మట్టిలోని ఖనిజాల్లో బిగుసుకున్న పొటాష్‌ను వదిలించడం. మీ కుప్పలో బిగుసుకున్నది తక్కువ, కారిపోయేది ఎక్కువ. కుప్ప అడుగు నుంచి కారే గోధుమరంగు నీళ్లలో పోతున్నది ఎక్కువగా పొటాషే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య రుతుపవనం వాన ఆరుబయటి కుప్పను కడిగేస్తుంది. కాబట్టి పొటాష్ సీసాకు పెట్టే డబ్బుతో నాలుగు రేకులు కొనండి.

అజటోబాక్టర్ విషయంలో అంచనాలు మరీ పెద్దవిగా ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అది ఒక గ్రాము చక్కెర తిని కనీసం 10 మిల్లీగ్రాముల నత్రజని స్థిరీకరించగలగాలి. ఆ లెక్కన కేజీ బెల్లం పోస్తే వచ్చేది 10 గ్రాముల నత్రజని. అదే కేజీ చెనక్కాయ చెక్కలో 70 గ్రాములు ఉంటుంది. పైగా చుట్టూ అమ్మోనియా ఉన్నంతసేపూ అజటోబాక్టర్ గాలిలోని నత్రజని జోలికే పోదు. తేరగా దొరుకుతుంటే కష్టపడటం ఎందుకన్నట్టు నత్రజని పట్టే ఎంజైమును ఆపేస్తుంది. నత్రజని పెంచాలంటే చెక్క వేయండి. అజటోబాక్టర్‌ను వేర్లకు మేలుచేసే హార్మోన్ల కోసం చివర్లో కలపండి.

ఇక భాస్వరం. బియ్యం, పప్పులు, గోధుమల్లోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, మొక్క వేరు దాన్ని నేరుగా తీసుకోలేదు. పీఎస్‌బీ రెండు పనులు చేస్తుంది. ఫాస్ఫటేజ్, ఫైటేజ్ ఎంజైములతో ఈ సేంద్రియ భాస్వరాన్ని విడదీస్తుంది. గ్లూకోనిక్ ఆమ్లం లాంటివి వదిలి కాల్షియంతో ముడిపడిన భాస్వరాన్ని కరిగిస్తుంది. 1948లో పికోవ్‌స్కయా తయారుచేసిన పోషక మాధ్యమం మీద ల్యాబుల్లో ఇప్పటికీ చూసేది ఇదే: తెల్లటి కాల్షియం ఫాస్ఫేట్ కలిపిన పళ్లెంలో బ్యాక్టీరియా చుట్టూ తేటగా వలయం ఏర్పడుతుంది. కరిగించినదాంట్లో కొంత బ్యాక్టీరియా తన ఒంట్లోనే దాచుకుంటుంది. అది నష్టమేమీ కాదు. మన ఎర్ర నేలల్లో ఇనుప ఆక్సైడ్లు భాస్వరాన్ని పట్టేసి వదలవు. బ్యాక్టీరియా ఒంట్లో ఉన్న భాస్వరం ఆ ఇనుముకు చిక్కకుండా మెల్లగా వేరుకు చేరుతుంది.

ఇప్పుడు మొదటి భాగానికి వద్దాం. మీ అసలు లోపం ఇక్కడే ఉందని అనుకుంటున్నాను. మీరు 40 కేజీల చెత్తకు “రెండు మూడు తట్టల ఎండాకులు” అన్నారు. అది చాలదు.

మెస్ చెత్తలో ముప్పాతిక వంతు నీళ్లే. 40 కేజీల్లో 30 నీళ్లు, 10 పొడి పదార్థం. కుప్పలో తేమ 60 శాతం మించకూడదు. 10 శాతం తేమ ఉన్న ఎండాకులు కలుపుతారనుకుంటే, తేమను 60కి దించడానికి సరిగ్గా 12 కేజీలు కావాలి. కర్బన–నత్రజని నిష్పత్తి కూడా ఇదే 12 కేజీలతో సర్దుకుంటుంది. మెస్ చెత్తలో ఆ నిష్పత్తి 18 దగ్గర, ఎండాకుల్లో 50 దగ్గర ఉంటుంది, రెండూ కలిస్తే 27 చుట్టూ వస్తుంది. మనకు కావలసింది 25–30. 12 కేజీలు వినడానికి చిన్నదే, చూడటానికి మాత్రం చెత్తకు రెండున్నర మూడు రెట్ల గుట్ట. ఆ గుట్ట చూసి “ఇన్ని ఆకులెందుకు” అని సగానికి తగ్గించేస్తారు పనివాళ్లు. కొలత తట్టల్లో చెప్పకుండా తక్కెడలో తూచి ఇవ్వండి.

ఆకులు దొరకని రోజుల్లో చిత్తూరు వైపు చెనక్కాయ పొట్టు, చెరకు పిప్పి, తరిగిన వరిగడ్డి పుష్కలం. చెనక్కాయ పొట్టు గట్టిది, కుప్ప నొక్కుకుపోకుండా గాలి సందులు ఉంచుతుంది, కాకపోతే త్వరగా చివకదు. సగం ఆకులు, సగం పొట్టు కలిపితే రెండు విధాలా బాగుంటుంది. చెరకు పిప్పిలో నత్రజని బాగా తక్కువ, ఒక్కదాన్నే వాడితే నిష్పత్తి పైకి పోతుంది. రంపపు పొట్టు పిడికెడు కంటే ఎక్కువ వద్దు.

కుప్ప సైజు కూడా ముఖ్యమే. ఘనమీటరుకు తగ్గితే వేడి నిలవదు. 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తున్న జాలీ గూడు ఒక వారం చెత్తకు సరిపోతుంది. అడుగున అర అడుగు చెనక్కాయ పొట్టో, కొబ్బరి మట్టల ముక్కలో పరవండి. రోజూ చెత్తా ఆకులూ బయటే కలిపి లోపల పోయండి. పొరలు పొరలుగా వేసే పద్ధతి ఫొటోలకు బాగుంటుంది కానీ అన్నం పొర అట్టకట్టి లోపల గాలి ఆడదు. పైన ఎప్పుడూ రెండు అంగుళాల ఎండాకులు కప్పి ఉండాలి, ఈగలకు అదే మందు. పాత ఎరువు బొక్కెనెడు రోజూ కలిపితే కావలసిన సూక్ష్మజీవులన్నీ వచ్చేస్తాయి.

చెత్త కలిపే ముందు సాంబారు, రసం, గంజి జల్లెడ తట్టలో వడకట్టేయండి. ఇది తేమ కోసమే కాదు, ఉప్పు కోసం కూడా. ఊరగాయ, వేయించిన నూనె, అప్పడాల ముక్కలు వీలైనంత పక్కన పెట్టండి. విస్తరి పేరుతో వస్తున్న ప్లాస్టిక్ పూత కాగితాలు చివకవు, అసలు అరటాకు అయితే నాలుగు ముక్కలు చేసి వేయొచ్చు.

వేడి చూడటానికి అడుగు పొడవు కడ్డీ ఉన్న థర్మామీటరు కొనడం మంచిది. లేకపోతే ఇనుప కడ్డీ కుప్ప మధ్యలో గుచ్చి పది నిమిషాలాగి తీయండి. చేత్తో పట్టుకోలేకపోతే 55 పైనే ఉన్నట్టు. గోరువెచ్చగా ఉండి హాయిగా పట్టుకోగలిగితే 45 లోపు. 55 డిగ్రీలు మూడు రోజులు నిలిస్తే రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు పోతాయి. అంచుల్లో ఉన్నది లోపలికి వచ్చేలా మొదటి రెండు వారాలు నాలుగు రోజులకోసారి తిరగేయండి, తర్వాత వారానికోసారి. 70 దాటుతుంటే వెంటనే తిరగేయాలి, అంత వేడిలో కుళ్లబెట్టే జీవులూ చస్తాయి.

ఏం తప్పుతుందో ముక్కు చెబుతుంది. పుల్లటి వాసన వచ్చి కుప్ప చల్లగా ఉంటే లాక్టిక్ దశలో చిక్కుకుందని. దానికి పొట్టు కలిపి తిరగేయడం, పాత ఎరువు రెండు తట్టలు కలపడం. చాలామంది ఇక్కడ పుల్ల మజ్జిగ పోస్తారు. పులిసిపోయి ఇబ్బంది పడుతున్నదానికి ఇంకొంచెం పులుపు చేర్చడమే అది. కుళ్లిన కోడిగుడ్డు వాసన అంటే గాలి లేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. ముక్కు మండే ఘాటైన అమ్మోనియా వాసన అంటే నత్రజని మీ కళ్లముందే గాలిలో కలుస్తోంది. అప్పుడు ఎండాకులు కలపండి. పొరపాటున కూడా బూడిద, సున్నం చల్లకండి. పీహెచ్ 8 దాటి, పైన వేడి కూడా తోడైతే కుప్పలోని నత్రజనిలో సగం దాకా అలా ఎగిరిపోవచ్చు. పూర్తి సేంద్రియమే కావాలన్న పట్టింపు లేకపోతే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ నూటికి రెండు కేజీల చొప్పున కలిపితే అమ్మోనియాను కొంత పట్టి ఉంచుతుంది. చీమలు చేరితే కుప్ప ఎండిపోయిందని అర్థం. మెలికలు తిరిగే లావుపాటి బూడిదరంగు పురుగులు బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు, అవి చెడు చేయవు, వేడి పెరిగితే వాటంతటవే వెళ్లిపోతాయి. మూడో వారంలో కనిపించే తెల్లటి సున్నం పొడి లాంటి పూత బూజు అనుకుని భయపడతారు. అవి ఆక్టినోమైసీట్లు అనే బ్యాక్టీరియా. తొలకరికి తడిసిన మట్టి వాసన ఇచ్చే జియోస్మిన్ తయారుచేసేది ఆ జాతివే, వచ్చాయంటే కుప్ప దారిలో ఉన్నట్టు.

జూన్, జూలైలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తొక్కలూ టెంకలూ ఉచితంగా దొరుకుతాయని కుప్పలో పోయాలనిపిస్తుంది. తోతాపురి తొక్కలో చక్కెర, పులుపు, నీళ్లు మూడూ ఎక్కువే. తడి చెత్తలో పావు వంతు మించితే కుప్ప కల్లు వాసన కొట్టి చల్లబడిపోతుంది. టెంకలు ఆరు నెలలైనా అలాగే ఉంటాయి, ముందే ఏరేయండి.

రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న రాతి పొడి) కలపదలుచుకుంటే అది మొదటి రోజే కలపాలి. బ్యాక్టీరియా చివర్లో, రాతి పొడి మొదట్లో. కారణం, పులిసే దశలో పుట్టే ఆమ్లాలే ఆ రాతి పొడిని తొలుచుకుపోతాయి. మాగిన ఎరువులో పీహెచ్ 7.5–8 ఉంటుంది, అక్కడ వేస్తే ఇసుక వేసినట్టే ఉంటుంది. రోజుకు 40 కేజీల చెత్తకు అర కేజీ చాలు. రెండు వారాలకు 7 కేజీలు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెప్పే కనీసం 18 శాతం లెక్కన అందులో 1.26 కేజీల పి2ఓ5 (ఎరువుల్లో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం) ఉంటుంది. అదే రెండు వారాల చెత్త నుంచి వచ్చే ఎరువులో సొంతంగా ఉండేది సుమారు ఒక కేజీ. అంటే రెట్టింపుకు మించిన మొత్తం. ఇదంతా మొదటి పంటకే కరుగుతుందని లెక్క వేసుకోవద్దు. మెత్తగా పిండిలా ఉన్న పొడే తీసుకోండి, నలిపితే వేళ్లకు గరుగ్గా తగిలే రకం ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉంటుంది.

ఇక రెండో భాగం. మీ 40 కేజీల చెత్త, 12 కేజీల ఆకులు నెల తర్వాత 16 కేజీల చుట్టూ మిగులుతాయి. రెండు వారాల గూళ్లు కలిపితే 200 కేజీలకు కాస్త పైన. దాన్నే ఒక విడతగా తీసుకోండి. 30–35 రోజులకు తిరగేసినా మళ్లీ వేడెక్కకపోతే, థర్మామీటరు వరుసగా మూడు రోజులు 38 లోపే చూపిస్తే, అది బ్యాక్టీరియాకు తయారు. పైపైన చల్లగా ఉండి లోపల 50 ఉండటం మామూలే, మధ్యలోనే చూడాలి.

చెక్క కలపాలంటే బ్యాక్టీరియాకు ముందు. 200 కేజీలకు 4 కేజీల చెనక్కాయ చెక్క పొడి, అంటే 280 గ్రాముల నత్రజని. చెక్క పడగానే కుప్ప మళ్లీ వేడెక్కుతుంది. వారం పది రోజులాగి, చల్లారాకే సీసా తెరవండి. చెక్కను లోపలికి కలిపేయండి, పైన చల్లితే ఎలుకలు, కుక్కలు తవ్వేస్తాయి.

పీఎస్‌బీ పొడి రూపంలో అయితే 200 కేజీలకు 2 కేజీలు, ద్రవం అయితే అర లీటరు. అజటోబాక్టర్ కూడా అంతే. ఈ మోతాదు ఎక్కడిదంటే: పొడి ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలన్నది నియమం. 2 కేజీలను 200 కేజీల్లో కలిపితే గ్రాము ఎరువుకు 5 లక్షలు పడతాయి. ద్రవంలో మిల్లీలీటరుకు 10 కోట్లు, అర లీటరు కలిపితే గ్రాముకు రెండున్నర లక్షలు. వినడానికి పెద్ద సంఖ్యలే, కానీ మాగిన ఎరువులో అప్పటికే గ్రాముకు పదుల కోట్ల సొంత బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. ఆ జాతరలో మీవి గుప్పెడు. కాస్త అనువైన చోటు, కాస్త తిండి చూపిస్తేనే నిలబడతాయి. మోతాదు నాలుగో వంతుకు తగ్గించి “పనిచేయలేదు” అనడం ఇక్కడి మామూలు కథ.

పొడిని నేరుగా 200 కేజీల మీద చల్లితే ఒకచోట ముద్దలుగా పడుతుంది. ముందు 10 కేజీల జల్లించిన ఎరువులో కలిపి, ఆ కలిపినదాన్ని మొత్తంలో పారతో రెండుసార్లు తిరగేయండి. ద్రవమైతే 15 లీటర్ల నీళ్లలో అర కేజీ బెల్లం కరిగించి, అందులో పోసి, బొక్కెన నుంచి చిల్లుల డబ్బాతో చల్లుతూ కలపండి. ఎరువు తేమ 40 శాతం దగ్గర ఉంటే ఈ 15 లీటర్లతో 45కు వస్తుంది. పిడికిట్లో గట్టిగా పిండితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లో తడి మెరవాలి, చుక్క మాత్రం రాలకూడదు. నీళ్లు కల్యాణి డ్యాంవైనా తెలుగుగంగవైనా కొళాయికి వచ్చేసరికి క్లోరిన్ కలిసి ఉంటుంది. ముందురోజు సాయంత్రమే మూత లేని బొక్కెనలో పట్టి ఉంచండి, లేదా బోరు నీళ్లు వాడండి.

ఆ తర్వాత కుప్పను ఎత్తుగా కాకుండా అడుగున్నర మందంలో నీడన పరచండి. ఎత్తుగా పోస్తే మళ్లీ వేడి పుడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు రేకుల షెడ్డు కింద కూడా 40 దాటేస్తుంది. ఆ రెండు నెలలు చెట్టు నీడనో, కొబ్బరాకుల పందిరి కిందో పెట్టి, తడి గోతాలు కప్పి, సాయంత్రాలు గోతాల మీద నీళ్లు చిలకరించండి. వారానికోసారి తిరగేస్తూ 20–25 రోజులు ఉంచాలి. ఈ రోజుల్లోనే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ కూడా పని మొదలుపెడతాయి. అవీ వేడికి ఆగవు, వాటిని ఎవరూ సీసాల్లో పెట్టి అమ్మనక్కర్లేదు, చల్లగా గాలాడితే వాటంతటవే వస్తాయి.

మొక్కలు ఎందుకు పసుపు తిరిగాయన్నది మీ వివరణలో నాకు పూర్తిగా తేలలేదు. ఏ ఆకులు ముందు పచ్చదనం పోగొట్టుకున్నాయో చూడండి. కింది ముదురు ఆకులు మొదట పసుపైతే నత్రజని లోటు: ఎరువు పూర్తిగా మాగలేదు, అందులోని బ్యాక్టీరియా తమ తిండికోసం మట్టిలోని నత్రజనిని లాగేసుకున్నాయి. చిగురాకులు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, ఎరువు పీహెచ్ ఎక్కువగా ఉంది. ఆకు అంచులు కాలినట్టు మాడితే ఉప్పు. మూడు కేసుల్లోనూ ఇంకో సీసా బ్యాక్టీరియా మందు కాదు.

ఉప్పు తెలుసుకోవడం తేలిక. నీళ్ల ఫిల్టరు బిగించేవాళ్ల దగ్గర ఉండే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) చాలు. 20 గ్రాముల ఎరువును 100 మిల్లీలీటర్ల తాగునీటిలో (టీడీఎస్ 50 లోపున్న ఫిల్టరు నీళ్లు) అరగంట కలిపి, తేరుకోనిచ్చి, మీటరును పై తేటలో పెట్టండి. పట్టణ కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పెట్టిన హద్దు మీటరుకు 4 డెసీసీమెన్లు (కరిగిన ఉప్పు ఎంతుందో విద్యుత్ ప్రవాహాన్ని బట్టి చెప్పే కొలత). చాలా మీటర్లలో అది 2,000 పీపీఎం చుట్టూ కనిపిస్తుంది. అంతకన్నా ఎక్కువ చూపిస్తే ఎరువును నీళ్లతో కడగకండి, ఉప్పుతోపాటు పొటాష్, నైట్రేట్ పోతాయి. ఉత్త ఆకుల ఎరువో, పశువుల ఎరువో సమానంగా కలిపి పలచన చేయండి, మూలం దగ్గర సాంబారు వడకట్టడం మొదలుపెట్టండి.

మాగిందా లేదా అన్నదానికి రెండు పరీక్షలు. ఒకటి, తడి ఎరువు రెండు గుప్పిళ్లు పాలిథిన్ కవరులో బిగించి మూడు రోజులు నీడన ఉంచి తెరవండి. మట్టి వాసన వస్తే సరే, పులుపో మురుగో కొడితే ఇంకా కాలేదు. రెండోది మెంతులతో. ఒక వంతు ఎరువు, పది వంతుల నీళ్లు కలిపి గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లతో తడిపిన గుడ్డ మీద 20 మెంతులు వేయండి. ఇంకో గుడ్డ మీద ఉత్త నీళ్లతో 20. మూడు రోజులకు మొలకలు లెక్కపెట్టి, వేళ్ల పొడవు కొలవండి. మొలకల సంఖ్యను సగటు వేరు పొడవుతో గుణించి, ఉత్త నీళ్లవాటి లబ్ధంతో పోల్చండి. 80 శాతం పైన ఉంటే నిశ్చింతగా వాడండి. 50 లోపుంటే ఆ ఎరువు మొక్కకు విషమే, ఇంకో మూడు వారాలు మాగనివ్వండి. వాసన పరీక్షలో నెగ్గి మెంతుల్లో ఓడిపోతే ఎక్కువసార్లు దోషి ఉప్పే.

కొనేటప్పుడు సీసా మీద బ్యాక్టీరియా పేరు, కణాల సంఖ్య, బ్యాచ్, తయారీ తేదీ, గడువు తేదీ ఐదూ ఉండాలి. “అన్ని రకాల మేలుచేసే సూక్ష్మజీవులు” అని మాత్రమే రాసి ఉంటే కిందపెట్టేయండి. పొడికి సాధారణంగా ఆరు నెలలు, ద్రవానికి ఏడాది గడువు. ఎండలో అద్దాల బీరువాలో నిలబెట్టిన సీసా గడువులో ఉన్నా నమ్మొద్దు. ఊళ్లోనే వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి కాబట్టి ముందు అక్కడ అడిగి చూడటం మేలు. ఇంట్లో బెల్లం నీళ్లలో పెంచుకోవచ్చు కదా అని కూడా అడిగారు. డ్రమ్ములో పెరిగేది పీఎస్‌బీ కాదు, బెల్లం తినడంలో దానికంటే చురుకైన ఈస్టులూ లాక్టిక్ బ్యాక్టీరియా. జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తెచ్చిన వేస్ట్ డీకంపోజరు, ఈఎం (మేలుచేసే సూక్ష్మజీవుల మిశ్రమం) ద్రావణం, జీవామృతం లాంటివి డ్రమ్ముల్లో పెంచేవే, కానీ వాటి చోటు మొదటి భాగంలో. జీవామృతం పోస్తే ఆ మేరకు ఎండాకులు పెంచడం మరవకండి, అది కూడా నీళ్లే. ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని చల్లారిన ఎరువులో పీఎస్‌బీతో కలిపి వేయొచ్చు, పేచీ లేదు. శిలీంధ్రనాశినులు, రసాయన ఎరువులు మాత్రం అదే రోజు అదే తట్టలో కలపకూడదు.

వాడకం: కుండీల్లో నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు మించొద్దు. మడుల్లో చదరపు మీటరుకు ఒకటిన్నర కేజీ. సాయంత్రం, తడి మట్టిలో, వేరు దగ్గర వేసి మట్టి కప్పండి. ఎర్రటి ఎండలో పైన చల్లి వదిలేస్తే మీరు మూడు వారాలు సాకిన బ్యాక్టీరియా ఒక్క మధ్యాహ్నంలో ఎండిపోతాయి. తయారైన ఎరువు రెండు మూడు నెలల్లో వాడేయండి. గాలాడే గోతాల్లో, నీడలో, చెయ్యి పెడితే తేమ తెలిసేలా ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి పెడితే లోపల మురుగుతుంది.

బ్యాక్టీరియా వల్ల తేడా వచ్చిందో లేదో తెలియాలంటే ఒక విడతలో 20 కేజీలు పక్కకు తీసి సీసా కలపకుండా, మిగతా అన్నీ అలాగే చేయండి. పది కుండీలు ఇది, పది కుండీలు అది, ఒకే నారు, ఒకే నీళ్లు. మీ మట్టిలో భాస్వరం ఇప్పటికే సరిపడా ఉంటే తేడా కనిపించకపోవచ్చు, అప్పుడు పీఎస్‌బీ కూడా కొనక్కర్లేదు. భూసార పరీక్షలో “లభ్య భాస్వరం” అన్న అంకె చూడండి, మొత్తం భాస్వరం అంకె ఈ పనికి ఉపయోగపడదు.

ప్రస్తుతం మీ దగ్గరున్న నెలన్నర కుప్పను పారేయకండి. ముందు కడ్డీ గుచ్చి వేడి చూడండి, టీడీఎస్ చూడండి. వేడి ఇంకా ఉంటే పదికి రెండు పాళ్ల చెనక్కాయ పొట్టు కలిపి తిరగేసి రెండు వారాలు వదిలేయండి. చల్లారి, ఉప్పు హద్దులో ఉంటే జల్లెడ పట్టి, తేమ సరిచేసి కొత్త పీఎస్‌బీ పైన చెప్పినట్టు కలపండి. జల్లెడ మీద మిగిలిన గరుకు ముక్కల్ని కొత్త కుప్ప అడుగున పరవండి. పసుపు తిరిగిన మిరప మొక్కల దగ్గర పైపైన వేసిన ఎరువును గీకి తీసేసి, రెండుసార్లు నిండుగా నీళ్లు పెట్టి, మొక్కకు 20 గ్రాముల చెనక్కాయ చెక్క నానబెట్టిన నీళ్లు లీటరు పోయండి. కొత్త చిగురు ఆకుపచ్చగా వస్తే సమస్య నత్రజనిది అయి ఉండొచ్చు. చిగురు కూడా పసుపుగానే వస్తే పీహెచ్, టీడీఎస్ అంకెలు రెండూ ఇక్కడ రాయండి, చూద్దాం.